ఒక ఈక తక్కువైన నెమళ్ళు

సభను నడిపిస్తున్న ఆశీర్వాదం మాస్టారు గారికి, వేదిక మీది పెద్దలకు, గద్వాల పాత బస్టాండు దుకాణాల మిత్రులకు, ఇంత ఎండలో నడిచి వచ్చిన అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇతరులు మాట్లాడితే వినడమే నా పని కాబట్టి మైకు ముందు నిలబడడం నాకు చేతకాదు. ఈ సన్మానం వద్దని మాస్టారుతో రెండుసార్లు అన్నాను. మూడోసారి ఒప్పుకున్నది శాలువా కోసం కాదు. పదిమంది ముందు నేనన్న మాట ఒకటి ఉంది, దాన్ని పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలి. ఈ పని మానేస్తున్నాను, రేపటి నుంచి నా డిటెక్టివ్ గదికి తాళం. నా కోసం ఇంతమందిని మళ్ళీ ఎవరూ పిలవరు. ఆ మాట దగ్గరికి వస్తాను, కాస్త ధైర్యం కూడగట్టుకోనివ్వండి.

డిటెక్టివ్ అంటే పొడుగు కోటు, భూతద్దం అనుకుంటారు. మన ఎండల్లో కోటు వేసుకుని తిరిగితే నన్నే దవాఖానకు తీసుకుపోయేవారు. (నవ్వులు) పదో తరగతితో నా చదువు ఆగింది, ఈ పని నేర్పే బడి ఇక్కడ లేదు, ఏ రోజు చూసింది ఆ రోజు పుస్తకంలో రాసుకోవడం ఒక్కటే నాకు నేనుగా నేర్చుకున్నది. ఎక్కువగా పెళ్ళి విచారణలు, మిగతావి కనబడకుండా పోయిన మనుషులు, బీమా తగాదాలు. మాకు ఒకరిని పట్టుకునే అధికారం లేదు, ఒకరి ఫోను వినే హక్కు లేదు. ఎవరైనా చెబితేనే మాకు తెలిసేది. అందుకే చెప్పినవాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను. రెండో వరుసలో కూర్చున్న రుక్కమ్మకు మరీను. ఆమె చాయ్ బండి దగ్గర నేను రహస్యంగా నిలబడ్డాననుకుంటే, "ఏం సార్, రెండో చాయ్ గూడ తాగుతున్నవ్, ఇయ్యాల ఎవల పెండ్లి చూస్తున్నవ్?" అని బజారంతా వినబడేలా అడిగేది. (నవ్వులు)

నాగర్‌కర్నూల్ ఆడపిల్లవాళ్ళు లక్ష్మణ్ అనే పిల్లవాడి గురించి విచారించమంటే మూడు రోజులు అతని వెంట తిరిగాను. నాలుగో రోజు అతనే వచ్చి నా పక్కన నిలబడి, "సార్, సిగరెట్ బంద్ చేసిండని రాయండ్రి" అన్నాడు. ఎప్పుడు బంద్ చేసినవని అడిగితే, చేతిలోది కింద పడేసి తొక్కి, "గిప్పుడే" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాశాను. మాట దాచని పిల్లవాడని వాళ్ళు పిల్లనిచ్చారు. అడుగో, ఇద్దరు పిల్లలతో వెనక గోడకు ఆనుకుని నవ్వుతున్నాడు.

ఇక అసలు మాట.

ఆరేళ్ళ కిందట, నేతగాళ్ళకు నూలిచ్చి చీరలు నేయించే మాస్టర్ వీవర్ వంశీధర్ గారు నన్ను పిలిపించారు. తన మగ్గాల మీద తప్ప ఎక్కడా నేయని నెమలి అంచు చీర వనపర్తిలో ఒక దుకాణంలో కనబడింది, ఎవరు బయటికి అమ్ముతున్నారో తేల్చమన్నారు. వనపర్తి చీర, వంశీధర్ గారి మగ్గం మీది చీర పక్కపక్కన పరుచుకుని ఒక రోజంతా చూశాను. రెండింటిలోనూ ప్రతి నెమలి తోకలో ఒక ఈక తక్కువ. వంశీధర్ గారి దగ్గర ఆ అంచు నేసేది పాండు అనే నేతగాడు ఒక్కడే. చేతిరాతలాగే నేతలోనూ ఎవరి పొరపాటు వారిదే అనుకున్నాను, నా తెలివికి నేనే మురిసిపోయాను. వంశీధర్ గారి వరండాలో ఇరవై మంది నేతగాళ్ళ ముందు, "గుర్తు దొరికింది, ఈ చీర పాండు చాటుగా అమ్ముకున్నదే" అన్నాను. ఏం గుర్తో ఎవరికీ చెప్పలేదు. చెబితే నా విద్య బయటపడుతుందని దాచుకున్నాను. పాండు "నేను గాదు సార్" అని ఒక్కసారే అన్నాడు. అతని మగ్గం ఆ రోజే ఆగింది. ఏడు వారాలు కొల్లాపూర్ తోటల్లో మామిడికాయల గంపలు మోశాడు.

ఎనిమిదో వారంలో అతని భార్య జోగమ్మ నా గది మెట్లెక్కి వచ్చి, "గుర్తు అంటివంట, ఏం గుర్తో జర నాకు చూపెట్టు" అంది. చీరలు పరిచి చూపించాను. ముందు నవ్వింది, తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏంది సార్, గీ ఈకను చూసేనా మా ఆయనను దొంగను చేసింది? అంచుల బొమ్మ దించే జకార్డు అట్టకు ఒక బొక్క పడకపోతే ఎవరు నేసినా గట్లనే వస్తది. నువ్వు మగ్గంల కూసున్నా నీకు గూడ గా ఈక రాదు. నేసేటోల్లను ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోతుండె?"



ఇక్కడున్న నేతగాళ్ళలో ఎవరిని అడిగినా ఆ మాటే చెప్పేవారు. నేను అడగలేదు. ఆ తర్వాత నాలుగు రోజులు తిరిగితే తెలిసింది: అట్టలు పాతబడితే వంశీధర్ గారి ఇంట్లో వాటిని చూసి అచ్చం అలాంటివే కొత్తవి కొట్టించి, పాతవాటిని చిత్తు కాగితాలతో పాటు తోపుడు బండివాడికి వేశారు. అవి పక్క ఊళ్ళో ఇంకో మగ్గమెక్కాయి. దొంగతనమే జరగలేదు. వంశీధర్ గారు ఆ రోజే పాండును పిలిచి మగ్గం అప్పగించారు, అది ఆయన పెద్దమనసు. కానీ నేను నింద వేసింది వరండాలో, వెనక్కి తీసుకున్నది లోపలి గదిలో, నలుగురి మధ్య. పోయిన ఏడు నేతగాళ్ళ సంఘంలో నూలు గది తాళం పాండుకు ఇద్దామంటే, "వద్దుతియ్, అప్పట్ల ఏందో అన్నరు గద" అన్నారట. వచ్చే నెల ఆ తాళానికి మళ్ళీ మనిషిని ఎంచుకుంటారు.

నాకు గురువు లేడని మాస్టారు పరిచయంలో అన్నారు. ఉన్నారు. జోగమ్మ అరగంట చెప్పింది. అప్పటి నుంచి రిపోర్టులో చూసింది ఒకచోట, అనుకున్నది ఇంకోచోట రాస్తున్నాను. ఏ పని గురించి రాసినా ఆ పని చేసేవాళ్ళను అడగకుండా సంతకం పెట్టడం లేదు. మీరు ఇవాళ మెచ్చుకుంటున్నవన్నీ ఆ తర్వాతి పనులే. నన్ను తిట్టి పోవలసిన మనిషి నాకు పని నేర్పింది. ఈ మాట సభలో చెప్పేదాకా ఇంట్లో నాకు నిద్ర పట్టనివ్వని నా భార్య వనజకూ కృతజ్ఞతలు.

పాండన్నా, లేవకు, కూర్చో. నిలబడవలసింది నేను. ఆ రోజు వరండాలో ఉన్నవాళ్ళు ఈ హాల్లో పదకొండు మంది ఉన్నారు. పాండు తప్పు చేయలేదు. తప్పు నాది.

(సభలోంచి జోగమ్మ: "సార్, జర గట్టిగ చెప్పు. వెనకాలోల్లకు వినబడలే!")

చెబుతానమ్మా. పాండు దొంగ కాదు! ఆ రోజూ కాదు, ఎన్నడూ కాదు! అబద్ధం చెప్పింది నేను!

వినబడిందా, వెనక ఉన్నవాళ్ళకు?

సంతోషం. ఓపికగా విన్నారు, అందరికీ నా కృతజ్ఞతలు. సెలవు.