బూరెమ్మకు కుట్టిన చిలకపచ్చ గౌను

"అమ్మమ్మా, నువ్వెప్పుడూ చెప్పే పేపర్ల బొమ్మల పిల్ల ఈమెనేనా, చూడు."

ఏదీ, ఫోను ఇటియ్యి బిడ్డా. ఆగు, అద్దాలు పెట్టుకోనీ... ఓయమ్మో, బూరెమ్మ! గదే మొఖం, గవే బూరెలసొంటి బుగ్గలు, గదే చుక్కల గౌను. మీ అమ్మకు తల నెరిసింది, నాకు పండ్లు ఊడినయి, దీని మీద ఒక్క ఏడు పడలే చూడు.

చెప్తా, విను. అప్పుడు మేము సిరిసిల్లల ఉంటిమి. మీ తాత సాంచల మీద పని చేస్తుండె, గదే కరెంటు మగ్గాలు. నేను ఇంట్ల బీడీలు చేస్తుంటి. పొద్దంత టకటక టకటక, గోడలు గూడ ఊగుతుండె. ఎవలతోనన్న మాట్లాడాల్నంటే ఒర్రాలె. మీ నాయనమ్మ పిల్లను చూడనీకి కోరుట్ల నుంచి మొదటిసారి మా ఇంటికచ్చి, 'గీళ్లు కొట్లాడుకుంటున్నరా ఏంది' అని భయపడ్డది. మంచిగ మాట్లాడుకుంటున్నమమ్మా, రా కూసో అన్న. ఆఁ, ఏం చెప్తున్న? బూరెమ్మ.

గల్లి మూలకు ఓ చాయ్ హోటలుండె. చాయ్ అర్ధ రూపాయో ఏమో, యాదిలేదు. వాళ్లు పొద్దంత చదివిన పేపరు సాయంత్రం మీ అమ్మకిస్తుండ్రి. మీ అమ్మ అప్పుడు ఐదో తరగతి... కాదు కాదు, ఆరు. నాకు అక్షరం ముక్క రాదు. నేను బీడీలకు తునికాకు కత్తిరిస్తుంటే, పక్కన కూసోని గా మూడు డబ్బల నల్లగీతల బూరెమ్మ బొమ్మలు చదివి చెప్తుండె. ఓనాడు వానకు పిల్లి తడుస్తదని బూరెమ్మ గొడుగు దానికిచ్చి, తాను తడుసుకుంట ఇంటికి పోయింది. వాళ్లమ్మ నాలుగు తగిలిచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం పోలే.

బొమ్మ అని నాకెరుకనే, అంత ఎడ్డిదాన్ని కాదు. కానీ బొమ్మ గీసేటాయన ఎవలో ఒక పిల్లను చూసుకుంటనే గీస్తడు గదా, ఫోటో దిగినట్టు? గట్ల అనుకున్న.

బతుకమ్మ పండుగచ్చింది. గల్లిల ఆడపిల్లలందరికి కొత్త బట్టలు. ఆనాడు పేపర్ల బూరెమ్మ గూడ బతుకమ్మ ఎత్తుకున్నది. ఒంటి మీద చూస్తే గదే చుక్కల గౌను!

"ఓసి సుజాతా, పండుగ పూట గూడ పిల్లకు కొత్త గుడ్డ లేదా?" అని మీ అమ్మనడిగిన.

"అవ్వా, అది బొమ్మనే."

"గీసేటాయన ఇంట్ల పిల్ల గదనే!"

మీ తాత నవ్విండు. "ఊరందరికి బట్ట నేసేటోళ్లం, గింత పిల్లకు లేకుంటయా" అన్నడు. తెల్లారి లంగల గుడ్డ ముక్క తెచ్చిండు, చిలకపచ్చది. పక్కింటి లచ్చవ్వ అరుగు మీద నుంచే మొదలువెట్టింది: "ఏమే, కాయిదం పిల్లకు కొలతలెవలిస్తరే?" నీ మనుమరాలిని ఇటు తోలు, దాని కొలత పెడ్త అన్న. చేతితోనే కుట్టిన. కింద అంచుకు పసుపుదారం గొలుసుకుట్టు. నాది ఎడమచెయ్యి గదా, నా గొలుసు ఎప్పటికీ ఒక దిక్కు వంగుతది.

బస్టాండు కాడ పేపర్ల ఏజెంటు ఉండె. ఆయనకియ్యమని మీ అమ్మను పంపిన. ఉత్త చేతులతోని అచ్చింది. "ఇచ్చిన అవ్వా. పట్నం పంపుతరట" అన్నది, కాళ్లు కడుక్కుంట.

ఇగ రోజు చూసుడే. చుక్కల గౌనే. పొట్టిగైందేమో, సంకల పట్టిందేమో, లంగల గుడ్డ అని వాళ్లమ్మ నామోషి పడ్డదేమో. చేసిన బీడీలు గూడ వంకర పోతుండె. ఓనాడు ఆకు కింద పెట్టి, "నచ్చకపోతే నచ్చలేదని ఎవలితోనన్న చెప్పి పంపద్దానే" అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్న. మీ అమ్మ పేపరు మడిచి లోపలికి పోయింది.

తెల్లారి సాయంత్రం ఉరుక్కుంట అచ్చింది. "అవ్వా! తొడుక్కున్నది!"

చూస్తే నిజమే, చిలకపచ్చ! రంగు జర గీత దాటి చెయ్యి మీదికచ్చింది. అచ్చుల గట్లనే అయితది కావచ్చు అనుకున్న. లచ్చవ్వకు చూపెట్టిన, గల్లంత చూపెట్టిన. ఆనాటి నుంచి రోజు చిలకపచ్చనే. ఇంకో ముచ్చట, గప్పుడే మీ అమ్మను తిట్టుడు గూడ షురూ చేసిన. రంగు పెన్సిళ్ల డబ్బల అన్నీ నిండుగనే ఉంటుండె, పచ్చది ఒక్కటే బొటనవేలంత. "గిదొక్కటి తింటున్నవానే?" అని ఒర్రుతుంటి.

మీ అమ్మ లగ్గమై కోరుట్ల పోయింది. ఇగ నాకు చదివేటోళ్లెవలు? ఆడోళ్ల పొదుపు సంఘంల సంతకం నేర్పుతమని మేడం అచ్చింది. సంతకానికే అని కూసున్న గానీ, ఆగబుద్ది కాలే. బూరెమ్మ ఏం చేస్తున్నదో ఏమో! హోటల్ల పేపరడిగి తెచ్చుకోని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్న. మళ్ల చుక్కల గౌనే. నేనేమనుకున్న చెప్పు? పాపం, నాది చినిగిపోయింది, అన్నేండ్లు తొడుగుతే ఉంటదా అనుకున్న. నిజం చెప్తున్న, సంతోషమే అయింది.

ఆ తర్వాత నువ్వు పుట్టినవు. నీకు ఐదేండ్లప్పుడు బతుకమ్మకు కోరుట్ల అచ్చిన. మీ అమ్మ వాకిట్ల కూసోని తంగేడు పూలు పేరుస్తున్నది. లోపల్నుంచి నువ్వు గునగున ఉరికచ్చినవు. ఒంటి మీద చిలకపచ్చ గౌను.

దగ్గరికి గుంజుకోని అంచు చూసిన. పసుపుదారం గొలుసు, ఒక దిక్కు వంగి ఉన్నది. నా చెయ్యి నాకెరుక గాదా? ఏజెంటు ఇదేందని నవ్విండో, అసలు ఈ పోరి ఇయ్యనే లేదో. రోజు హోటల్ల పేపరు తీసుకోని, ఎక్కడనో కూసోని, రంగు పూసుకోనే ఇంట్లకచ్చింది, అన్నేండ్లు. నేను ఏడవద్దని.

తలెత్తి చూసిన. మీ అమ్మ చేతుల తంగేడు పువ్వు అట్లనే ఆగింది. "పాతదే అవ్వా... పెట్టెల ఉండె" అన్నది చిన్నగ.

"పిల్లకు సరిగ్గ సరిపోయింది బిడ్డా" అన్న. గంతే. మళ్ల మేమిద్దరం గా ముచ్చట ఎత్తలే, ఇప్పటిదాక. నువ్వు గూడ అడగకు.

ఇన్నేండ్లకు బూరెమ్మను మళ్ల చూపెట్టినవు, సల్లగుండు తల్లీ, నీ చెయ్యి సల్లగుండ. మీ అమ్మ మనసు నీకు రావాలె... అవునే, గీ ఫోన్ల బొమ్మకు రంగు పుయ్యస్తదా? అస్తదా! అయితే గా గౌనుకు పుయ్యి. చిలకపచ్చ... ఆఁ, గదే. జర గీత దాటినా ఏం కాదు...