పైబస్సుకు హోల్డాన్

ఎమ్మిగనూరులో ఇశ్రాయేలు ఇంటి అరుగు మీద, సాయంత్రం. ‘తుంగ ఎయిర్’ ఓనరు ఉచ్చీరప్ప వచ్చి కూర్చున్నాడు. ఆయన జీపు వీధికి అడ్డంగా ఉంది.

“అది కాదు ఇశ్రాయేలూ, ఇమానానికి ‘హోల్డాన్’ అంటారా యాడన్నా? నువ్వే సెప్పు. నా బస్సులో అన్నేండ్లు కండక్టరు పని సేసినోనివి.”

“టీ తాగు ఉచ్చీరప్పన్నా, సల్లారిపోతాది.”

“టీ యాడికీ పోదు. పోయింది నా పరువు. ఇమానం ఇంగ పరిగెత్తల్ల అని తిరిగి నిలబడింది. సరిగ్గా అప్పుడు నీ కూతురు బెల్టు ఇప్పుకొని లేసి, పైలట్ తలుపు మీద దబదబ గుద్ది, ‘హోల్డాన్ హోల్డాన్’ అని అరిసింది. ఎయిర్ హోస్టెస్సు అనే మనిషి. లోపల జనమంతా ఇన్యారు. ఒగడు ఫోన్లో పట్టినాడు. ఇప్పుడు ఆదోని మార్కెట్ యార్డులో నన్ను సూస్తే హమాలీలు గూడా ‘రైట్ రైట్’ అంటాండారు.”

“వాళ్లు ముందు నుంచీ అంటాండారు లేన్నా. నీ ఇమానానికి పైబస్సు అని పేరు పెట్టిందే వాళ్లు.”

“పెడతారు. నోరు తేరగా వచ్చింది గదా.”

“పైబస్సు కాకపోతే మల్లేమన్నా? సీటుకు నెంబరు పెడితివా? ల్యా. జనం మెట్లెక్కేటప్పుడే లోపలికి టవల్ ఇసురుతాండారు, ఆ సీటు నాదని. మా రూతు ఎన్ని టవల్ పంచాయితీలు తీర్చిందో నీకు తెల్సా? కిటికీ తియ్యమ్మా, గాలి ఆడల్యా అనేటోడొగడు. తుగ్గలి మీద రవ్వంత నిదానంగా పోనీయమ్మా, మా సేను సూసుకుంటా అనేటోడొగడు.”

“వాళ్లు నా కస్టమర్లు. వాళ్లను ఏమన్నా అంటే నేనొప్పుకోను.”

“నువ్వేం తక్కువా? పైన ఉగ్గానీ బజ్జీ అమ్మిస్తివి. కోడుమూరోడు ఒగడు మిరపకాయ కొరికి ‘సచ్చినా, సచ్చినా’ అని అరిస్తే, ఇమానం పడిపోతాందని జనమంతా దేవున్ని తల్సుకున్యారు.”

“ఆ బజ్జీల మీదనే గదరా జీతాలిచ్చేది.”

“మొదుట్లోనే సెప్తి. పత్తి లారీ నుంచి బస్సుకొచ్చినావు, బాగుండాది. బస్సు నుంచి ఇమానానికి యాలన్నా అని.”

“యాల ఏముంది? ఓర్వకల్లు కాడ ఇమానాలు దిగేదానికి జాగా సేసినారు. మన జనం కూలికి, ఆసుపత్రికి, పెండ్లి సీరలకు బెంగుళూరికి బస్సులో నడుములిరగ్గొట్టుకొని పోతాండారు. లచ్చాధికార్లను తోలేదానికి శానా మంది ఉండారు, నందవరపోళ్లను ఎవురు తోలల్ల? నేను తోల్తానంటి. అంతే.”

“జనం మాత్రం తుగ్గలి సేన్లో నీకు వజ్రం దొరికిందంటారు.”

“దొరికింటే రెండో ఇమానాన్ని షెడ్డులో పండబెడ్తునా? రెండు కొంటి. ఒగటి ఎగరల్లంటే ఇంగొకటి పండుకోవాల. దాని టైరు దీనికి, దాని సీటు దీనికి. దాన్నిప్పుడు సూస్తే కోడిని తిని పారేసినట్ల ఉండాది.”

“సరే. వచ్చిన పని సెప్పన్నా.”

“టీలో సక్కెర తక్కువేసినారు.”

“నీకు షుగరని నేనే తక్కువేయించినా. వచ్చిన పని సెప్పు.”

“రేపు ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వస్తాండారు. ఎంక్వైరీ. ఇమానం ఎందుకు నిలిపినారని అడుగుతారు. పాప ఒగ మాట సెప్పాల. ‘నేనేమీ సూడల్యా, ఊరికే బెదురుకొని అరిసినా’ అని.”

“బెదురుకొని.”

“ఆ. సిన్న పిల్ల, కొత్త గదా, బెదురుకుంటాది. అట్లని సెప్తే వాళ్లు రాసుకొని పోతారు. ఇమానం ఎల్లుండి ఎగుర్తాది.”

“మా పాపకు?”

“ఏమవుతాది? నా కాడ ఉద్యోగం యాడికీ పోదు.”

“నీ కాడ పోదు. రేపు నీ పైబస్సు మూతపడితే? ‘ఈ పిల్ల ఉత్తపుణ్యానికి బెదురుకొని ఇమానం నిలిపింది’ అని ఢిల్లీవోళ్లు రాసినంక, యా కంపెనీవోడు దాన్ని ఇమానమెక్కనిస్తాడు? నేను బస్సు కిందా మీదా పడి సదివించిన పిల్లన్నా అది. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినోళ్లు అదొక్కతే.”

“అట్ల సెప్పకపోతే ఇమానం తాళమేస్తారురా. ఆదోనోళ్లు, నందవరమోళ్లు, ఎంతమంది నా కాడ పని సేస్తాండారు? వాళ్ల పొయ్యిలు ఆరిపోతాయి. నువ్వే సెప్పు పాపకు. నువ్వు సెప్తే ఇంటాది.”

“అది ఏమి సూసిందో నీకు తెల్సా?”

“ఏమో సూసిందంట.”

“సక్రం కాడ ఎర్రగా ఏమో ఎగుర్తాండెనంట. కిటికీలో నుంచి సూసింది. అది ఉండగూడదంట.”

“మెకానిక్కు సల్మాన్‌ను అడిగినా. ‘ఖురాన్ మీద ఒట్టు, నేను తీయాల్సిండేవి అన్నీ నా సేత్తో తీసినా’ అన్నాడు. ఇమానం ఎనక్కి వచ్చినంక అందురూ సూసినారు. సక్రం కాడ ఏమీ ల్యాదు.”

“అదే గదన్నా దానికి బాధ. సల్మాను అబద్ధమాడేటోడు కాడు. దాని కండ్లేమో ఉండాదనె. ‘నా కండ్లే నన్ను మోసం సేసినాయేమో నాయనా’ అని మంచం దిగల్యా. అన్నం ముట్టల్యా. నువ్వు సెప్పినట్ల బెదురుకున్నా అని సెప్పేదానికి గూడా తయారైంది.”

“మల్లింగేమి? తయారైంది గదా.”

“నేను తయారు కాల్యా. అన్నా, నందవరం వంక గుర్తుండాదా?”

“ఇప్పుడు అదెందుకు?”

“జోరు వాన. నువ్వే డ్రైవరు. ఎనక నుంచి నేను హోల్డాన్ అంటి. నువ్వు ఎందుకని అడగల్యా, బ్రేకేస్తివి. దిగి సూస్తే ముందర వంక నీళ్లకు మోరీ వంతెన కొట్టకపోయుండె. ఆ పొద్దు నువ్వేమంటివి?”

“ముందు బ్రేకు, తర్వాత తిట్లు.”

“అది నీ బస్సులో రూలు. హోల్డాన్ అన్నోన్ని ఎందుకన్యావని రోడ్డు మీద అడగగూడదు. ఆ మాట దానికి ఉగ్గుపాలతో పోసినా. అందుకే ట్రైనింగులో నేర్పిన మాటలన్నీ మర్సిపోయి, ఆ ఒగ మాటే నోట్లో వచ్చింది.”

“పైలట్ గూడా నిలిపినాడులే. హోల్డాన్ అంటే ఇంగ్లీషంట గదా.”

“ఇంగ్లీషా? నేను తెలుగనుకుంటిని.”

“నేను మాత్రం?”

“అన్నా, నా మొగం సూసి సెప్పు. మా పాప ఏమీ సూడల్యా?”

“ఇంగొంచెం టీ పోయించు.”

“ఉచ్చీరప్పన్నా.”

“ఎవురికీ సెప్పగూడదు నువ్వు.”

“సెప్పు.”

“సూసింది.”

“ఏమి సూసింది?”

“ఆ పొద్దు అమావాస్య. బస్సులున్నప్పుడు ఏ అమావాస్యకన్నా దిష్టి తీయకుండా బండి తీసినామా? గుమ్మడికాయ కొడ్తామంటే ఆడ పోలీసోళ్లు ఒప్పుకోరు. నిమ్మకాయలు తీస్కపోయింటి, దారం తెగిపాయె. సుట్టూ సూసి, సక్రం కాడ సిన్నగా ఎర్రగుడ్డ కట్టినా. దిష్టికి. పాప సూసింది ఆ గుడ్డనే.”

“మల్ల ఇమానం ఎనక్కి వచ్చినప్పుడు ల్యాదంటివే?”

“ఎట్లుంటాది? జీపేసుకొని అందురికంటే ముందు పోయి నేనే పీకినా. దిష్టిగుడ్డ కట్టినామని తెలిస్తే ఢిల్లీవోళ్లు నవ్వరా? పేపర్లో ఏస్తారు. ఇమానాల కంపెనీ ఓనరు అమావాస్యకు గుడ్డ కట్టినాడని.”

“నువ్వు నవ్వులపాలు కాగూడదని మా పాపను పిరికిది అనిపిస్తావా?”

“అట్ల కాదురా.”

“ఎట్ల కాదు? గుడ్డ నీది, అబద్ధం నీది, పేరు మాత్రం దానిది. అది రాత్రుళ్లు తన కండ్లనే నమ్మక ఏడుస్తాంటే, నీకు తెల్సి, నా ఇంటికొచ్చి, టీలో సక్కెర ల్యాదంటావా? ఇన్నేండ్లు నీ ఎనక తిరిగినా ఉచ్చీరప్పన్నా. ఒగ పొద్దన్నా నీకు ఎదురు సెప్పల్యా. ఈ పొద్దు కడుపు మండుతాంది.”

“సూడు, అది ఒట్టి గుడ్డ. దానివల్ల ఎవురికీ ఏమీ కాదు. గుడ్డ ముక్క కోసం ఇమానం మూయించుకోవాల్నా? రేపు పొద్దున జీపు పంపిస్తా. పాపను ఎక్కించు. ఇంగ నేను పోతా.”

“హోల్డాన్.”

“ఏందిరా?”

“నిలబడితివే.”

“అలవాటు. కాలు ఇంటాది ఆ మాట.”

“జీపు అద్దానికి ఎర్రగా కట్టిండావే, అదేమి?”

“అదే ఆ దిష్టిగుడ్డ. శానా మహిమ గలదిరా. అంత గోల జరిగినా ఇమానానికి గీత పడల్యా, మనిషికి ఏమీ కాల్యా. పారేసేదానికి మనసు రాల్యా.”

“ఉండు, ఇప్పి సూస్తా. ఇది గుడ్డ కాదే. బెల్టు మాదిరి మందంగా ఉండాది. కొనకు ఇనుప పుల్ల గూడా ఉండాది.”

“సల్మాన్ డబ్బా మీద పారేసిండె. కొత్తది, ఎర్రంగా నిగనిగలాడ్తాండె. దారమే అక్కర్లేకపాయె. సక్రం కాలుకు సరిగ్గా ఆ పుల్ల పట్టేంత బొక్క ఉండాది. దూరిస్తే కొలత తీసి సేసినట్ల కూర్చుండె. ఇమానం సేసినోళ్లు గూడా దిష్టి నమ్ముతారేమో అనుకుంటి.”

“దీని మీద తెల్లక్షరాలుండాయి.”

“కంపెనీ పేరు లేప్పా. ఇంగ ఇయ్యి ఇట్ల.”

“ఉండన్నా. రూతూ, ఇట్ల రామ్మా ఒగసారి.”

“ఏం నాయనా? దండాలు పెదనాయనా. అదేమి నీ సేతిలో... ఇది నీకు యాడ దొరికింది నాయనా?”

“అది తర్వాత సెప్తా. ముందు దాని మీద ఏమి రాసిండారో సదువు. మీ పెదనాయనకు ఇనపడేటట్ల, తెలుగులో సెప్పు.”

“‘ఎగిరే ముందు తీసేయవలెను’ అని రాసిండాది పెదనాయనా.”