రెండో దెబ్బ

కాదండీ అనితగారూ, ‘తోపులాట’ అని రాయకండి. తోపులాటేంటండీ? బస్సెక్కేటప్పుడు భుజం తగిలితే అది తోపులాట. అక్కడ రక్తం కారింది. గడ్డిలో పన్ను పడింది. ఎవరి పన్నో కూడా ముందు తెలీలేదు మాకు!

పోలీసాయన కూడా ఇంతే. ‘ఫ్యామిలీ గొడవ’ అని తేల్చేశాడు. ఎవరి ఫ్యామిలీ? ధరణి వాళ్లకేమవుతుంది?

సరే, సరే. మొదట్నుంచీ చెప్తాను. మీరు నా లాయరు, మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? మా అనంత్ అయితే ఆ రోజు మాటెత్తితే చాలు, లేచి గరాజ్‌లోకి వెళ్లిపోతున్నారు.

ఈ కెనడాలో, ఈ విన్నిపెగ్‌లో మన పిల్లలకి ఏ కళైనా నేర్పించాలంటే హాలు కావాలి, నేర్పేవాళ్లు కావాలి. వాటికి డబ్బు కావాలి. అందుకే విరాళాల కోసం మొదలుపెట్టాను ఆ పరుగు. ఏటా సెప్టెంబర్లో, నది పక్క పార్కులో, ఐదు కిలోమీటర్లు. నేను పరిగెత్తేదాన్ని కాదండోయ్! డేకేర్లో చంటిపిల్లల వెనకాల పరిగెత్తడంతోనే నా ఓపికంతా అయిపోతుంది. సిటీ వాళ్ల దగ్గర పర్మిట్ తేవడం, నంబర్లు పంచడం, నీళ్ల టేబుళ్లు పెట్టించడం, అదీ నా పని. వచ్చిన విరాళాలతో ఒక ఏడు బొమ్మలు వేయడం నేర్పించాం. ఇంకో ఏడు కూచిపూడి. అందరూ చప్పట్లే చప్పట్లు.

ఈ ఏడు డప్పు అన్నాం. చప్పట్లు ఆగిపోయాయి.

ధరణిది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఇక్కడ కాలేజీలో చదువుకుంటూ కాఫీ షాపులో పనిచేస్తోంది. వాళ్ల నాన్న డప్పు కళాకారుడు. వచ్చేటప్పుడు సూట్‌కేసులో స్వెటర్లు తీసేసి మరీ డప్పు పెట్టుకొచ్చిందట. మా బేస్‌మెంట్‌లో మొదటిసారి కొట్టినప్పుడు చూడాలి మీరు! చెవులతో వినడం కాదండీ అది. పక్కటెముకల్లో మోగింది నాకు.

యోగానంద్‌గారు ఫోన్ చేశారు. తెలుసుగా, ఇళ్లు అమ్మిపెట్టే యోగానంద్? మా పరుగు టీషర్టుల వెనకాల స్పాన్సర్‌గా ఎప్పుడూ ఆయన పేరే. “శ్యామలగారూ, చావు దగ్గర కొట్టేదాన్ని మన పిల్లల చేత కొట్టిస్తారా? అసలు ఎవరు కొట్టేదండీ అది?” అన్నారు. నవ్వుతూనే అన్నారు. “నచ్చకపోతే ఈ ఏడు మీ పేరు వేయించం లెండి” అని నేనూ నవ్వుతూనే పెట్టేశా.

వాళ్లమ్మాయి నిఖిల. గ్రేడ్ ట్వెల్వ్. ఇంట్లో లైబ్రరీ అని చెప్పి డప్పు క్లాసుకొస్తోందని నాకు తెలుసా అంటారా? తెలుసండీ. దాచను. అరచేతులకి బొబ్బలెక్కితే టేపు చుట్టింది నేనే.

ఆ పొద్దున బాగా చలి. చలికి, తేమకి డప్పు తోలు సాగిపోయి మొద్దుగా మోగుతుంది. ఊళ్లో అయితే మంట దగ్గర కాస్తారు. పార్కులో మంట పెడితే ఊరుకుంటారా? నా కారు హీటర్ ముందు పెట్టి కాచింది ధరణి. నిఖిల పకపకా నవ్వుతోంది.

ఫినిష్ లైన్ దగ్గర వాళ్లిద్దరూ కొడుతుంటే, ఒగరుస్తూ వచ్చేవాళ్లకి కాళ్లలో మళ్లీ బలం వచ్చేది. ఒక తెల్లాయన, డెబ్భై ఏళ్లుంటాయి, గీత దాటకుండా ఆగిపోయి డాన్సు మొదలుపెట్టాడు! నిఖిల ముఖం చూశాను. ఇంటికొస్తే తలొంచుకుని కూర్చునే పిల్లేనా ఇది అనిపించింది.

ఎవరో వీడియో తీసి మనవాళ్ల గ్రూపులో పెట్టారు. అది చూసుకుని వచ్చేశాడు యోగానంద్. దారి పక్కన కట్టిన టేపు దాటి, పరిగెత్తుకొచ్చే జనానికి ఎదురుగా నడిచొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదండీ. నిఖిల జడ పట్టుకుని, చేతికి ఒక చుట్టు చుట్టుకుని లాగాడు.

“డాడ్, లెట్ గో! యూ ఆర్ హర్టింగ్ మీ!”

ఆ పిల్ల మోకాళ్ల మీద పడింది. అయినా లాగుతూనే ఉన్నాడు. గులకరాళ్ల దారండీ అది. ప్యాంటు చిరిగి మోకాళ్లు చెక్కుకుపోయాయి. ధరణి పరిగెత్తుకెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. “సార్, ఇడ్సిపెట్టుండ్రి సార్, పిల్లకు దెబ్బలు తాకుతున్నయ్” అంది.

వెనక్కి తిరిగి మోచేత్తో మూతి మీద కొట్టాడు. అప్పుడు ఊడింది ఆ పన్ను. ధరణిది.

పడిపోయింది. డప్పు కింద, దాని మీద ధరణి చెయ్యి. ఆయన చూశాడండీ. చెయ్యి ఎక్కడుందో చూసుకుని మరీ బూటు ఎత్తాడు. తోలు చిరిగిన చప్పుడు, వేళ్లు విరిగిన చప్పుడు, రెండూ కలిసి వినబడ్డాయి నాకు. కులం పేరు పెట్టి ఒక మాటన్నాడు. అది నా నోటితో అనను. అని, మళ్లీ తొక్కాడు.

పక్కనుంచి మనుషులు పరిగెడుతూనే ఉన్నారండీ! చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఒకమ్మాయి గీత దాటి, వాచీ చూసుకుని, రెండు చేతులూ పైకెత్తి గెంతింది. ధరణి కేకలు దానికి వినబడనే లేదు.

నా చేతిలో చెక్క సుత్తి ఉంది. దారి చూపే బాణం బోర్డులు నేలలో దిగ్గొట్టడానికి తెచ్చింది. వెనకనుంచి మోకాలి మీద కొట్టాను. కూలబడ్డాడు.

మీరు రాసుకుంది ఇక్కడిదాకానే. అప్పుడు తీసిన వీడియోలో ఉన్నదీ ఇక్కడిదాకానే. తీసేవాళ్లు భయపడి ఫోన్ దించేశారు. ఇంకొకరిని కాపాడ్డానికి కొట్టిన దెబ్బ కాబట్టి నా మీద కేసు నిలబడదన్నారు మీరు. మరి ఆయన భుజం ఎముక? పడ్డప్పుడు విరిగి ఉండొచ్చని డాక్టర్ చేత చెప్పిద్దామన్నారు. నేనూ తలూపాను.

నిన్న నిఖిల వచ్చింది. అయ్యో, తెలుసండీ, సాక్షుల్ని కలవకూడదన్నారుగా! నేను వెళ్లలేదు. డేకేర్ పార్కింగ్‌లో నా కారు దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడు స్నేహితురాలి ఇంట్లో ఉంటోందట. పొమ్మన్నాను. పోలేదు. “ఆంటీ, ఐ టోల్డ్ ద పోలీస్ ఐ డిడ్‌న్ట్ సీ” అంది. “బట్ ఐ సా, ఆంటీ. డూ ఐ హావ్ టు సే ఇట్ అగైన్ ఇన్ కోర్ట్?”

ఏం చెప్పమంటారు ఆ పిల్లకి? నా కోసం ప్రమాణం చేసి అబద్ధమాడమనా? కారెక్కి వచ్చేశాను.

ఆ పెన్ను కింద పెట్టకండి. రాసుకోండి.

కొట్టానండీ. రెండోసారి కూడా కొట్టాను. ఆయన వెల్లకిలా పడి, చెయ్యి అడ్డం పెట్టుకుని, “వద్దు శ్యామలగారూ, వద్దండీ” అన్నాడు. గారూ అన్నాడండీ! అంత నొప్పిలోనూ నన్ను గారూ అనడం మర్చిపోలేదు. పక్కన ధరణి విరిగిన చెయ్యి గుండెకి అదుముకుని కళ్లు మూసుకుని మెలికలు తిరుగుతోంది. దాన్నేమో అంత మాటన్నాడు, నన్ను గారూ అన్నాడు. నేనూ ఆయనా ఒకటే అన్నట్టు!

అది విన్నాకే సుత్తి రెండు చేతులతో ఎత్తాను. భుజం మీద వేశాను. ఎముక విరగడం నా చేతికి తెలిసింది. ఇంకా చెప్పాలా? హాయిగా అనిపించింది. మళ్లీ ఎత్తాను కూడా. నిఖిల వచ్చి నా జాకెట్ పట్టుకుని వేలాడింది. “స్టాప్! దట్స్ మై డాడ్!” అని ఒకటే ఏడుపు. జుట్టంతా రేగిపోయి, మోకాళ్ల నుంచి రక్తం కారుతూ, ఆయన కోసమే ఏడ్చింది. అప్పుడు ఆగాను.

తెలుసండీ. డేకేర్ ఉద్యోగం పోతుంది. కేసున్నదాన్ని పసిపిల్లల దగ్గర ఎవరుంచుతారు? ఈ దేశంలో స్థిరంగా ఉండనిచ్చే పీఆర్‌కి కూడా ముప్పేనని మీరే అన్నారు. అనంత్‌కి ఈ రాత్రే చెప్తాను. గరాజ్ తలుపు దగ్గర నిలబడైనా చెప్తాను. ఆ పిల్లని మాత్రం కోర్టులో అబద్ధానికి నిలబెట్టలేను.

ఏంటీ? పశ్చాత్తాపం ఉందని చెప్తే జడ్జిగారు శిక్ష కొంచెం తగ్గిస్తారా?

ఏమోనండీ. నిఖిల ఏడుపు తలుచుకుంటే, ఉంది. ఫిజియోథెరపీలో ధరణి స్పాంజి ముక్క కూడా పిండలేక నా వంక చూస్తే, లేదు. ఏం రాసుకుంటారో మీ ఇష్టం.