శుక్రవారం లోపల

బేతంచెర్లలో పాలిష్ బండల వ్యాపారి ఓబుళేశు కొత్తగా కట్టుకున్న ఇల్లు. ఇంటి వెనక బర్రెల కొట్టం. ఆ కొట్టంలో నులకమంచం మీద, రొమ్ము క్యాన్సరుతో ఓబుళేశు తల్లి రామసుబ్బమ్మ. పదిహేను రోజులకొకసారి కర్నూలు నుంచి వచ్చే నర్సు ప్రసన్నకుమారి ఆమె పుండు కడిగి, మాత్రల పెట్టె చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. ఆ మొహం చూస్తే ఎవరైనా పక్కకు తప్పుకుంటారు. ఓబుళేశుకు ఆ మాత్రం ఇంగితం లేక ఎదురుపోయాడు.

"ఇవేంది, ఓబుళేసప్పా?"

"మాత్రలు మేడమ్."

"మాత్రలని నాకూ తెలుసు, ఇచ్చింది నేనే గదా. ఒక్క షీటు గూడా చింపలేదే? మార్ఫిన్, నాలుగ్గంటలకొకటి ఇయ్యమంటి. మర్చిపోతావని నీ సెల్లులో అలారం గూడా పెట్టిస్తి."

"అలారం మోగుతాంది మేడమ్. కరెక్టుగా మోగుతాంది."

"మోగితే?"

"ఆఫ్ చేస్తాండాం."

"ఆఫ్ చేస్తాండారా! ఎందుకు?"

"అమ్మనే వద్దనింది."

"వద్దనిందా? ఇప్పుడే నా చెయ్యి పట్టుకోని 'మాత్ర ఏదమ్మా, మాత్ర ఏదమ్మా' అంటాంది. నొప్పికి దుప్పటి కొరికి కొరికి చింపేసింది. పో, చూసిరాపో."

"స్వర్ణా! ఓ స్వర్ణా! మేడమ్‌కు టీ తెస్తివా లేదా?"

"తెచ్చినా, తెచ్చినా. తాగండి మేడమ్, పేపర్ గ్లాసులోనే పోసినా. ఈడనే అరుగు మీద కూచోండి. లోపల ఇప్పుడే బండలు కడిగినాం, తడి ఆరలేదు."

"ఆదివారం గృహప్రవేశానికి మూడు నూర్ల మంది తొక్కిన బండలు నేనొక్కదాన్ని తొక్కితే పాడైపోతాయా స్వర్ణలతా? ఉండనీలే, అది నాకు కొత్త గాదు. అత్తను ఈడెందుకు పండబెట్టినారు, అది చెప్పు."

"గాలి బాగా వస్తాది మేడమ్."

"గాలి!"

"వాసన మేడమ్. నిజం చెప్పాలంటే వాసన. ఇంటినిండా చుట్టాలు, అన్నాలు తినే తావున..."

"వాసనకని పొడి ఇస్తి. దినం కట్టు మార్చి ఆ పొడి చల్లమని నీకు చేసి చూపిస్తి. నేను కట్టిన కట్టే ఇంగా ఉండాది! ఈ పొద్దు దాన్ని ఇప్పితే పురుగులు. ఒక్కొక్కటే పట్టుకారుతో తీసినా. ఇరవై మూడు."

"థూ, చెప్పద్దు మేడమ్! ఇప్పుడే సంగటి తిని వస్తాండా."

"నువ్వు తిన్యావు ఓబుళేసూ. ఆయమ్మ తినిందా?"

"పెట్టినా మింగదు."

"నొప్పితో ఎట్ల మింగుతాది? పద్దెనిమిదేండ్లాయప్పా నేను పుండ్లు కడగబట్టి. చీము చూసినా, పురుగులు చూసినా, ఒక్కదినం నాకు కక్కు రాలేదు. ఈ పొద్దు వస్తాంది. పుండును చూసి గాదు."

"మేడమ్, మీరు శానా మాట్లాడుతాండారు."

"ఇంగా మొదలే పెట్టలేదు. మాత్ర ఎందుకు ఇయ్యలేదు?"

"చెప్పేస్తే పోలా? ఎంతసేపు నీళ్ళు నములుతావ్? నేను చెప్తా మేడమ్. ఆ మాత్ర గురించి మాకు తెలుసు. మా నారాయణ మామకూ ఇదే ఇచ్చినారు. మింగిన మూడో దినం పాయె."

"మీ మామ క్యాన్సరుతో పాయె స్వర్ణలతా. కడాకు ఆ మూడు దినాలన్నా అరవకుండా పాయె. మందు ఎవర్నీ సంపదు. నొప్పిని సంపుతాది. వచ్చినప్పుడల్లా ఇదే చెప్తాండా గదా?"

"మీరు చెప్తారు. ఊర్లో అందరూ ఇంగోమాట చెప్తారు. గృహప్రవేశం పెట్టుకోని, నడిమధ్యలో ఈయమ్మ పోతే మైల గదా మేడమ్? పత్రికలు పంచేసినాం, వంటోళ్ళకు చెప్పేసినాం. అందుకే, అదయ్యేదంకా మాత్ర ఆపుదామని..."

"ఉండు, ఉండు. మింగితే సస్తాదని ఆపినారు. మీ ఫంక్షన్ అయ్యేదంకా సావగూడదని, ఆయమ్మను నొప్పితో బర్రెల కాడ పండబెట్టినారు. పద్నాలుగు దినాలు."

"పన్నెండే మేడమ్. ఆదివారం అయిపాయె గదా."

"పన్నెండే! ఓరి నీ పాసుగూలా! 'పన్నెండే' అంటాండావే, నోరెట్ల వచ్చిందప్పా నీకు? సరే, ఆదివారం అయిపాయె. నిన్న? ఈ పొద్దు? నిన్నెందుకు ఇయ్యలేదు?"

"నిన్న ఇద్దామనే షీటు చేతికి తీసుకున్యా మేడమ్, ఒట్టు. అంతలోకే అయ్యవారు వచ్చినాడు. పంచాంగం చూసి..."

"చూసి?"

"శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ధనిష్ఠ నక్షత్రం వస్తాదంట, ఆన్నుంచి ఐదు దినాలు మంచివి గావంట. మీరు చర్చికి పోయేవాళ్ళు, మీకు ఇవి ఉండవు. ఆ ఐదు దినాల్లో ఎవరన్నా సస్తే ఆ ఇల్లు ఆర్నెల్లు మూసేయాల. తాళమేసి, తలుపుకు అడ్డం ముళ్ళకంప కొట్టి వదిలేయాల."

"మీరు పండబెట్టింది కొట్టంలో గదా?"

"అదే అడిగితి మేడమ్. కొట్టమైనా ప్రహరీ ఒకటే, అందుకే ఇంటి లెక్కే అన్నాడు. మా చెల్లెలింటికి పంపుదామంటే ఆమె ఫోనే ఎత్తదు. ఎవరింట్లో పోతే వాళ్ళిల్లే గదా మూయాల్సింది."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"నువ్వడుగు స్వర్ణా."

"నువ్వే అడుగు. నీ యమ్మ గదా."

"ఏం లేదు మేడమ్... ఎట్లా పోయే జీవమే గదా. ఈ మాత్రలన్నీ ఒకేసారి ఇస్తే... గురువారం లోపల..."

"ఛీ!"

"అరవద్దు మేడమ్, పక్కింట్లో ఇంటారు."

"ఇననీ! నొప్పితో గిలగిలా కొట్టుకుంటాంటే ఒక్క మాత్ర ఇయ్యని చేత్తో ఇప్పుడు అన్నీ పోస్తావా? కన్నతల్లికా? బర్రెకు జరమొస్తే పశువుల డాక్టర్ను పిలుస్తావు గదప్పా! నీ టీ నువ్వే తాగు. నాకు వద్దు. ఆయమ్మ ఇంగ ఈడుంటే నాకు నిద్ర పట్టదు. కర్నూలులో ఇట్లాంటోళ్ళను కడాదంకా చూసుకునే మా కేంద్రంలో పది మంచాలుండాయి. ఒకటి ఖాళీ."

"పిలుచుకపోండి మేడమ్! మీ కాళ్ళు మొక్కుతా! ఈ పొద్దే, ఇప్పుడే! స్వర్ణా, అమ్మ చీరలు మూట కట్టు!"

"ఆగు. అంత సంబరం వద్దు. ఆయమ్మ కడాకు యాడుండాల్నో చెప్పేది నువ్వు గాదు, నేనూ గాదు. ఆమెనే అడగాల. అది మా పద్ధతి."

"ఆమెకేం తెలివుండాది మేడమ్?"

"నీకంటే శానా ఉండాది. అవ్వా! ఓ రామసుబ్బవ్వా! మా మాటలు ఇన్యావా?"

"ఇనకుండా యాడికి పోతా పాపా? కొట్టానికి తలుపుండాదా? ముందు మాత్ర ఇయ్యి."

"ఇదో, వచ్చినా. నోరు తెరువు. నీళ్ళు తాగు. నిదానంగా, నిదానంగా. అంతే."

"ఇది నన్ను సంపుతాదా?"

"లేదవ్వా. అరగంటలో నొప్పి తగ్గుతాది. నిద్ర పడ్తాది. లేచినంక రెండు ముద్దలు మింగుతావు."

"శుక్రవారం దంకా ఉంటానా?"

"దేవుని చేతిలో ఉండాది అవ్వా. నేను చూసినంత మటుకు ఇంగా పది పదైదు దినాలు ఉంటావు. చెప్పు, కర్నూలుకు వస్తావా? మంచి మంచం, ఫ్యానుండాది. నేనే చూసుకుంటా."

"వద్దు పాపా. ఈ జాగా మా నాయన నాకు పసుపు కుంకానికి ఇచ్చింది. నేను ఈడనే ఉంటా. ఒరే ఓబుళేసూ!"

"ఏందిమా?"

"నా మంచం ఎత్తుకపోయి కొత్తింట్లో ఎయ్యి. నట్టింట్లో, నడిమధ్యలో."

"అమ్మా! తెలిసే అంటాండావా? ఆ ఐదు దినాల్లో నువ్వు నట్టింట్లో పోతే ఇల్లు మూయాల గదమ్మా!"

"తెలుసు నాయనా. మాత్ర లేకుండా పద్నాలుగు దినాలు ఓర్చుకున్యా. మాత్ర మింగి శుక్రవారం దంకా మూడు దినాలు ఓర్చుకోలేనా?"