పేరు మార్చిన సాక్ష్యం

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపి ఇవ్వనూ లేదు. జైళ్లలో జరిగే అన్యాయాలను నమోదు చేయడానికీ, ఆ పని అక్కడివాళ్లకు నేర్పడానికీ పరదేశం వచ్చిన అతను గొడుగులు బాగుచేసే ముసలమ్మ గదిలో కూర్చున్నాడు.

"బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేం నాయనా? జైల్లో మావాడు బతికే ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. కానీ ఇక ములాఖత్ ఇవ్వరట. మీరు నాకు చెప్పిందంతా జైలువాళ్లకు తెలిసిపోయింది."

"ఎలా?"

"శిక్షణలో మీ సాక్ష్యాన్నే పాఠంగా పంచాను. తరగతిలో జైలు గుమాస్తా కూడా ఉన్నాడు. పేరు మార్చానమ్మా."

"గొడుగుల సంగతి?"

"అలాగే ఉంచాను."

"ఊరంతటికీ గొడుగులు కుట్టేది నేనొక్కదాన్నే కదయ్యా. ఇంతకీ ఏం పాఠం అది?"

"సాక్షిని కాపాడటం ఎలా అని."

ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వుకన్నా నాలుగు తిట్లు నయమనిపించింది అతనికి.

"మీ ఆఫీసులో టైపు కొట్టే పిల్ల నిన్న వచ్చి నా కాళ్లు పట్టుకుంది. గొడుగుల మాట తీసెయ్యడం తనే మరిచిందట. ఉద్యోగం ఊడిందట."

"తీసెయ్యమని నేను చెప్పనే లేదమ్మా. ఆఫీసులో మాత్రం చెప్పానన్నాను."

"ఈ మాట నాకు చెబితే నీ బరువు దిగుతుంది. దాని ఉద్యోగం తిరిగొస్తుందా?"

"ఇవాళే ఉన్నదున్నట్టు రాసిస్తాను. నా ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. చెయ్యి కడుక్కురా."

ఇద్దరూ తినడానికి కూర్చున్నారు. అతనికి ముద్ద దిగడం లేదని చూసి కూడా ఆమె మారు వడ్డించింది.