కొత్త రింగుకి పాత అంచు

భావనపాడు రేవు పక్కన నూకయ్య ఇల్లు. పొద్దున్న తొమ్మిదయింది. గుమ్మంలో కూర్చున్న నూకయ్య చేతిలో ఆకురాయి, ఒళ్ళో తెల్లటి పొడి. ఎదురుగా, బెంగుళూరులో రాకెట్ల చదువు చదువుతూ నిన్ననే వచ్చిన కూతురు అనిత. ఇక దాచడానికేం మిగల్లేదు.

"నాన్నా, నీ సేతిలో అదేటి?"

"ఆకురాయి."

"రెండో సేతిలో?"

"రెండో సేతిలో... నీ తెల్ల రింగే. సంచిలో ఉంటే సూద్దామని తీసినాను."

"సూద్దామని తీస్తే ఆ పొడేటి?"

"అంచు కొంచెం పదునుగా ఉన్నాదమ్మీ. అందుకని..."

"గీసీసినావా? ఓలమ్మో! అమ్మా, బేగి రా! కొత్త రింగు గీసీసినాడే!"

"అరవకే, రేవంతా వింటాది. ఏటయ్యా, మళ్ళీ ఏటి సేసినావు? మొన్న నా కుక్కరు మూతకీ ఇలగే ఆకురాయి పట్టీసినాడు. అప్పట్నుంచీ అది కూతెయ్యడం మానేసినాది."

"నువ్వూరుకో బుల్లమ్మా. కుక్కరు యేరు, ఇది యేరు."

"నాన్నా, రెండోది ముట్టుకున్నావా?"

"ఏ రెండోది?"

"గుడ్డలో సుట్టిన రెండో కొత్త రింగు!"

"గుడ్డలోనే ఉన్నాది గదా."

"అమ్మా, ఆ మూట తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ములో దాచీ. డ్రమ్ము మీద నువ్వే కూకో."

"ఇదిగో, కూకున్నాను. ఇంక ఎవడు తీస్తాడో సూస్తాను."

"ఆర్నెల్లు ఎదురుసూస్తే వైజాగులో సేసిచ్చినారు నాన్నా అవి. సోమారం టెస్టు. అది పోతే నా చదువు ఇంకో యేడాది ఎనక్కి పోతాది. తెలుసా నీకు?"

"తెలీదు. సెప్తే గదా తెలిసేది. దేనికది?"

"ఉపగ్రహాన్ని తోసే ఇంజనుకి లోపలి గోడ. పింగాణీ లాంటిది. గ్యాసుకి కరెంటు పెడితే నీలంగా వెలుగుతాది. అందులోంచి అయాన్లు అని, కంటికి కనపడని నలకలు, జోరుగా బయటికి పోతాయి. పోతూ పోతూ ఈ గోడని గీరుకుంటా పోతాయి. గోడ అరిగిపోయిందంటే ఇంజను సచ్చినట్టే. అది అరక్కుండా ఎలగ ఉంచాలా అన్నదే నా చదువు."

"మరి నేను సేసింది అదే గదే!"

"నువ్వు అరగదీసినావు నాన్నా!"

"అరక్కుండా ఉంటాదనే గదే!"

"ఓలమ్మ, ఈ మనిషికి ఎండ తగిలినాది. మజ్జిగ తెమ్మంటావేటే?"

"నువ్వు డ్రమ్ము మీంచి లేవకు బుల్లమ్మా. అమ్మీ, ఇను. కొత్త పడవ అంచు మీంచి వల తాడు లాగితే ఏటవుతాది?"

"చెక్క అరుగుతాది."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేటి?"

"నెల్లాళ్ళు. తాడు తనకి కావలసిన దారి తాను తీసుకుంటాది. దారి పడ్డాక ఇంక చెక్క జోలికి రాదు. అందుకే కొత్త పడవకి నేనే ముందు ఆ దారి తీసీస్తాను. నీ సంచిలో వాడేసిన పాత రింగున్నాది గదా? దాని అంచు ఎంత అరిగిందో సీపురుపుల్లతో కొలిసి, కొత్తదానికీ అంతే తీసినాను."

"ఉండు నాన్నా. ఉండు. ఆ పాతదాన్ని వెయ్యి గంటలు నడిపినాం. ఆకరి రెండొందల గంటలు దాని బరువు తగ్గనేదు, అంటే అరగనేదు. కాటా పాడయిందనుకొని రెండు కాటాలు మార్చినాం."

"కాటా అబద్ధమాడదే. సేపలమ్మేదాన్ని, నాకు తెలీదేటి!"

"ఆ నలకలకి దారి పడిపోనాదమ్మీ. అంతే."

"అమ్మా, నా సంచిలో కొలిసే పరికరం ఉన్నాది, ఇలగియ్యి."

"డ్రమ్ము మీంచి లేవొద్దన్నారు గదే ఇద్దరూ!"

"సరే, నేనే తీస్తాను... ఇది పాతది... ఇది కొత్తది... నాన్నా! ఎంట్రుకంత తేడా నేదు!"

"సీపురుపుల్లంటే ఏటనుకున్నావు మరి!"

"నా పేణం లేచొచ్చినాది నాన్నా. మా సారు తిడతాడు. తిట్టనీ. సోమారం దీన్నే పెడతాను. అరక్కుండా నిలిసిందా, నా థీసిస్సులో మొదటి పేజీ నీదే."

"ముందు సూడు. నీట్లో దించకుండా పడవని మెచ్చుకోకూడదు."

"అమ్మా, ఇంక లే. ఆ రెండోది తీసి నాన్నకియ్యి. దానికీ ఇలగే అంచు తియ్యాల."

"ఇప్పుడే గదే దాచమన్నావు! తండ్రీకూతుళ్ళు నన్ను ఆడిస్తన్నారు. ఇదిగో... ఏటయ్యా, పుచ్చుకోవేటి? నేల సూపులేటి?"

"దానికి... నిన్న మీరిద్దరూ కోటబొమ్మాళి ఎల్లినప్పుడే తీసీసినానే. సెయ్యి తిరగాల గదా ముందు."