పన్నెండు సీసాల వరస

ఆస్పత్రి క్యాంటీన్‌లో గ్యాస్ లీకై అందరూ బయటికి పరిగెత్తారు. స్టవ్ పక్కనే తాపీగా టీ తాగుతున్న సైనస్ ఆపరేషన్ పేషెంటుని, వాసన పరీక్షలు చేసే నర్సు రెక్క పట్టుకుని ఆవరణలోకి లాక్కొచ్చింది.

“పొద్దున పరీక్షలో పన్నెండు సీసాలూ వాసన చూసి తడుముకోకుండా చెప్పారు. ఇంత కంపు తెలీలేదా బాబాయ్?”

“టీ ధ్యాసలో పడ్డానమ్మా.”

“వాసన తెలీక ఇంట్లో ఇబ్బందులేమిటన్న ప్రశ్నలన్నిటికీ, ఏ ఇబ్బందీ లేదని సున్నా పెట్టారు. పిన్నేమో పాలు మాడినా మీకు తెలీదంటోంది.”

“దాని నోట్లో నువ్వుగింజ నానదు.”

“మీకు వాసన బాగా తెలుస్తోందని నేను సంతకం పెడితే, రేపు సిలిండర్ల గోడౌన్‌లో లీకులు పట్టే పనికెళ్తారు. అక్కడి వాళ్ల ప్రాణాలన్నీ మీ ముక్కు మీదే.”

అతను తల దించుకున్నాడు. “పని పోతే ఇల్లు గడవదమ్మా.”

“సీసాల వరస ముందే చెప్పిందెవరు?”

“ఆపరేషన్ ఫెయిలైనట్టు కాగితం మీద పడకూడదన్నారు.”

“ఎవరన్నారు?”

“నాకు ఆపరేషన్ చేసిన డాక్టరుగారే.”